చెరువు నాచు – గడ్డిచేప



మన తంబళ్లపల్లె ప్రాంతమునకు చెరువే ప్రాణము. పెద్దతిప్పసముద్రము, ములకలచెరువు అను నూళ్లపేళ్లే యీ మాటకు సాక్ష్యము. పాపఘ్ని యేడాది పొడుగునను పాఱు నది కాదు. వాన కురిసి, వంకలు పాఱి, చెరువు నిండిననే మనకు పైరు. అందుచేతనే మన పెద్దలు కట్టను, తూమును, మరవను కంటికి ఱెప్పవలె కాచిరి. నీటిలోపల పెరుగు నాచును గూర్చి మాత్రము మనము తగినంత యోచింపలేదు.

మా యూరి సంగతి చెప్పెదను. ఒక యేడు చెరువు నిండుగనే యున్నను కడపటి మళ్లకు నీరందలేదు. పైమడివాడు నీరు దొంగిలించెనని క్రిందిమడివాడును, నీరుగంటి పక్షపాతము చూపెనని యిరువురును తగవులాడిరి. తుదకు తూములో దిగి చూడగా, దొంగ నాచే యని తేలినది. ఊరంతయు దిగి నాచును బండ్లకొలది తీసి కట్టమీద వేసితిమి. నెల తిరుగకమున్నే అది మరల పెరిగినది. ఆ నాచు తునుక తునుకనుండియు మొలచును. బురదలో దాగిన గడ్డలనుండియు మొలచును. అప్పుడు మాకు గడ్డిచేపమాట తెలియవచ్చెను.

ఈ చేపకు పుట్టినిల్లు తూర్పు ఆసియాలోని మహానదులు. ఆమూరు నది మొదలు దక్షిణ చీనావఱకు గల యేఱులు. మన దేశమునకు దీనిని 1959వ సంవత్సరమున హాంగ్‌కాంగునుండి తెచ్చిరి. దీని గ్రుడ్లు పాఱు నీటిలో కొట్టుకొనిపోవుచు పొదుగబడవలెను. నిలువనీటి చెరువులో నది సంతతి పొందదు. కావున వేసినన్నియే కాని యంతకంటె నెక్కువ కానేరవు. 1957వ సంవత్సరమున హీరాలాల్ చౌధురిగారు ఒరిస్సాలో, చేపతలలోని పీయూషగ్రంథి రసమును సూదితో నెక్కించి మన దేశపు చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. ఆ పద్ధతిచేతనే 1962లో కటకమున గడ్డిచేపకును పిల్లలు కలిగినవి. నేడు మనకు దొరకు పిల్లలు సాధారణముగ ప్రేరేపించి పుట్టించినవే.

దీని దవుడలకు పండ్లు లేవు. గొంతులో మాత్రము దువ్వెనవలె గాట్లు గల పండ్లున్నవి. వానితో నాచును కోసి నలుగగొట్టును. ప్రేగు పొట్టిది, తిన్నదానిలో సుమారు సగమే జీర్ణమగును. అందుచేత నెడతెగక మేయవలసియుండును. నీరు వెచ్చగానున్న దినములలో తన బరువంత నాచును ఒక్కదినమున తినగలదు. జీర్ణముకాని శేషము నీటికి ఎరువై, బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు చేపలకు మేలుచేయును. అయితే దీనికి మెత్తని నాచే ప్రీతి. గుఱ్ఱపుడెక్కను, ముదిరిన జమ్మును ఇది వదలించునని యాశింపరాదు. వానిని చేతితో తీయవలసినదే.

మేము మొదటియేట చేసిన తప్పును దాచను. చౌకయని వ్రేలెడంతయు లేని పిల్లలను తెచ్చి విడిచితిమి. అవి కొరమీనులకు విందయ్యెను. ఆఱునెలలకు వల వేయగా నొక్కటియు చిక్కలేదు. రెండవయేట జేనెడు పిల్లలను తెచ్చితిమి; తూమునకును మరవకును జల్లెడ నమర్చితిమి. ఇది యెదురునీటికి ఎగురు చేప. నారుమడిలో పడినచో వరిమొలకను కూడ విడువదు.

దీనికి రోగములు రావని చెప్పువారి మాట నమ్మవలదు. చీనాలో రక్తస్రావరోగమను వైరసువ్యాధి మొదటియేటి పిల్లలను గుంపులుగా చంపుచున్నది. అచ్చటివారు దానికి టీకాలు సిద్ధపఱచిరి. తట్టుకొను జాతులకొఱకు నింకను పాటుపడుచున్నారు. ఈ చేపతో కూడ నొక బద్దెపురుగు పెక్కు ఖండములకు ప్రాకినది. నీటిలోని సన్నపురుగులను తిను పసిపిల్లలకే దానివలన హాని మెండు. పెరిగిన చేప గట్టిదే కాని, వలలో నలిగి పొలుసు రాలినచో ఆ గాయమున బూజు పట్టును. కావున పిల్లలను చల్లని వేళ తేవలెను. నూఱుపాళ్ల నీటికి రెండు మూడు పాళ్ల యుప్పు కలిపి, అందు క్షణకాలము ముంచి, కదలిక చూచుచు వెంటనే తీసి చెరువున విడువవలెను. తేలి చచ్చినవానిని పాతిపెట్టవలెను.

ఇక నిష్ఠూరమైనను చెప్పవలసిన మాట. చేపల పాట పాడినవాడు తొలియేటనే వలవేసి యమ్ముకొనదలచును. ఆయకట్టు రైతు చేప మేయుచు నుండవలెనని కోరును. మా యూర నీ విషయమున రెండు రాత్రులు రచ్చ జరిగినది. తుదకు, నాచు తగ్గువఱకు గడ్డిచేపను పట్టరాదని పాటకు ముందే కట్టడి చేసితిమి. పాటసొమ్ము కొంత తగ్గినది. కడపటి మడికి నీరందినది. ఏది లాభమో మీరే యెంచుడు.

అతి చేయుట కూడ తగదు. చేపలు మితిమీరినచో చెరువు బోడియగును; ఇతర చేపపిల్లలకు చాటుండదు; నీరు పచ్చబడును. అమెరికాకు 1963లో తీసికొనిపోయిన యీ చేప నదులలోనికి తప్పించుకొని, నేడు మహాసరస్సులవారికి బెంగ పెట్టుచున్నది. అందుచేత నచ్చట పెక్కు తావులలో సంతానములేని చేపలనే విడువనిచ్చుచున్నారు. మిశ్రమపెంపకమున సాధారణముగ పదింట నొకటి గడ్డిచేపయైన చాలును. నాచు దట్టమైనచో మత్స్యశాఖవారి నడిగి లెక్క నిర్ణయించుకొనుడు.

వానకాలమునకు ముందు, చెరువు అడుగంటియున్నప్పుడే, పెద్దలు కట్టమీద కూర్చుండి తూము చూచి, జల్లెడ బిగించి, కట్టడి వ్రాసికొనుట మంచిది. నీరు వచ్చినపిదప నాలోచించువారికి ముందుగా నాచే వచ్చును.