బెజవాడ ఎండలు - పసివాళ్ళ ఎముకలు

రోళ్ళు పగిలే ఎండలుకాసే బెజవాడలో ఎండ చాలక పసివాళ్ళకు జబ్బు చేస్తుందంటే నవ్వొస్తుంది కదూ! రికెట్స్ అలాంటి జబ్బే. ఒంటికి ఎండ తగిలితే తయారయ్యే డి విటమిను లేనిదే కాల్షియం ఎముకకు పట్టదు. పటమటలోనో సత్యనారాయణపురంలోనో మేడమీద గదిలో పెరిగే బిడ్డకు ఎండేదీ? కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుగు ఇందుకు పనికిరాదు. తల్లిపాలు ఎంత శ్రేష్ఠమైనా వాటిలో ఈ విటమిను బహు తక్కువ.

అందరూ దొడ్డికాళ్ళే చూస్తారు. రెండేళ్ళలోపు కాళ్ళు కాస్త వంగి ఉండటం సహజమే. నన్నడిగితే ముందు మణికట్లు చూడండి. ఉబ్బినట్టు వెడల్పుగా ఉన్నాయా? ఏడాదిన్నర దాటినా మాడు పూడలేదా? పళ్ళు, నడక ఆలస్యమయ్యాయా? పక్కటెముకలమీద పూసల్లా చేతికి తగులుతున్నాయా? అయితే పక్షిదోషమని తాయెత్తు కట్టి ఊరుకోకండి. పిల్లల డాక్టరు మణికట్టు ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించి తేల్చేస్తారు.

ఏడాదిలోపు బిడ్డకైతే సాధారణంగా రోజుకు 2000 యూనిట్ల డి విటమిను, కాల్షియంతో కలిపి, కనీసం మూడు నెలలు ఇస్తారు. పసితనంలోనే మొదలుపెడితే వంకరలు చాలావరకు సర్దుకుంటాయి. త్వరగా తగ్గాలని ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ చేయించారో, ఆ విటమినే విషమై మూత్రపిండాలు చెడతాయి.

అసలు రాకుండా ఉండాలంటే, పుట్టింది మొదలు ఏడాదిదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కలు వెయ్యాలి. మిల్లీలీటరుకు 400 ఉన్న సీసాలూ, 800 ఉన్నవీ దొరుకుతున్నాయి. పక్కింటావిడ చెప్పిన కొలత కాకుండా, సీసామీది చీటీ చదివి పొయ్యండి.