చల్దిమూట
(వన్ టౌన్‌లో మార్గశిర లక్ష్మీవారమున చేసిన ప్రసంగ పాఠము)



గత లక్ష్మీవారము ప్రసంగము ముగిసిన పిదప ఒక తల్లి మా యొద్దకు వచ్చినది. ఆమె భర్త ఓడరేవులో కళాసీ. "పంతులుగారండీ, మా గుంటడు క్యారేజీ ఇప్పకుండానే ఇంటికి తెచ్చేస్తన్నాడండి. నేను తెల్లారకుండా పనికెళ్లాలి. చద్దన్నంలో పెరుగు కలిపి, ఆవకాయ ముక్క పెట్టి పంపుతాను. తోటి పిల్లలు చూసి నవ్వేరట. నాలుగు రోజులుగా ఆకలితోనే తిరిగొస్తన్నాడు" అని కంట తడి పెట్టినది. ఆనాడు మేమామెకు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. నేడు అమ్మవారి సన్నిధిని చెప్పదలచినాము. ఇది ఆ బాలునికి చెప్పవలసిన మాట కాదు. నవ్విన పిల్లలకు, వారిని పెంచుచున్న మనకు చెప్పవలసిన మాట.

"ఒకరికి పెట్టి తినుము" అని మనము పిల్లలకు నేర్పుచున్నాము. మంచిదే. ఋగ్వేదము పదవ మండలములోని 117వ సూక్తము దానమును ప్రశంసించి, ఒంటరిగా తినువానిని నిందించినది. అయితే ఆ సూక్తమునకు ద్రష్ట ఎవరు? భిక్షువు అను పేరుగల ఆంగిరసుడు. భిక్షువనగా అడుగువాడు. దానమును గూర్చిన సూక్తమును దర్శించిన ఋషి పేరులోనే చేయి చాచినవాడున్నాడు. మనము పిల్లలకు పెట్టువాని గొప్పను చెప్పి, పుచ్చుకొనువాని మనస్సును చెప్పుట మరచితిమి. ఈ మరపులో మాకును భాగము కలదు.

మా బాల్యమున గోదావరి తీరమున ఒక పాఠశాలలో వేదాధ్యయనము చేయుచుంటిమి. మా తల్లిగారు నెలకొకమారు సున్నుండలు చేసి పంపెడివారు. మాతోడి విద్యార్థి ఒకడు తల్లిదండ్రులు లేనివాడు. అతనిని పెంచిన మామ్మ చలికాలమున తంపటవేసిన తేగలు పంపెడిది. ఆ మట్టిని, పీచును చూచి మేము నవ్వితిమి. నాటినుండి అతడు మా యెదుట మూట విప్పుట మానివేసెను. మేము మాత్రము ప్రతిదినము అతనికొక సున్నుండ ఇచ్చుచు, మావంటి ఉదారులు లేరని మురిసికొనుచుంటిమి. కొన్నాళ్ళకు అతడు సున్నుండయు వలదనెను. మాకు కోపము వచ్చి, "పెట్టినను తినని పొగరుబోతు" అని గురువుగారితో చెప్పితిమి.

గురువుగారు మమ్ము మందలింపలేదు. ఆ బాలుని పిలిచి, "ఏమిరా, మీ మామ్మ తేగలు పంపినదట, మాకు పెట్టవా?" అనిరి. అతడు సిగ్గుపడుచు మూట తెచ్చెను. గురువుగారు అరుగుమీద కూర్చుండి, తేగ చీల్చి, పీచు తీసి, లోపలి చందమామ వరకు ఇష్టముగా తినిరి. పిమ్మట మా వంక చూచి, "నీవు వానికి పెట్టినావు, సరే. వాని చేతిది ఎన్నడైనా తిన్నావా?" అని మాత్రమడిగిరి. మాకు డెబ్బది యేండ్లు దాటినవి. ఆనాడు తలవంచుకొని నిలుచున్నది ఇంకను మరువలేదు.

ఘనపాఠమును తరచుగా ఇద్దరు జంటగా చెప్పుదురు. ఒకరికి ఊపిరి చాలనిచోట రెండవవారు స్వరము తెగకుండ నిలుపుదురు. పెద్దయిన పిదప ఆ తేగల బాలుడే మాకు జంట అయ్యెను. మా ఊపిరి అందని ప్రతిచోట అతని కంఠము మమ్ము ఆదుకొన్నది. పుచ్చుకొనుట ఎరుగనివానికి జంట కుదరదని అప్పుడు బోధపడినది.

పిల్లల నవ్వు చిన్న విషయమని తలపకుడు. భారతము ఆదిపర్వమున ద్రోణాచార్యుల కథ కలదు. ఆయన పేదవాడు. కుమారుడైన అశ్వత్థామ ధనవంతుల పిల్లలు పాలు త్రాగుట చూచి తనకును పాలు కావలెనని ఏడ్చెను. తోటి పిల్లలు పిండి కలిపిన నీరిచ్చి పాలని చెప్పిరి. ఆ పసివాడు పాలు త్రాగితినని గంతులు వేసెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆ నవ్వు తండ్రి గుండెలో గ్రుచ్చుకొన్నది. బాల్యమున భరద్వాజాశ్రమమున తనతో ఆడుకొని, చదువుకొని, రాజ్యభోగములు పంచుకొందమని మాట ఇచ్చిన ద్రుపదుడు జ్ఞప్తికి వచ్చి ద్రోణుడు పాంచాలమునకు పోయెను. ద్రుపదుడు సింహాసనముపై నుండి, రాజునకు పేదవానితో స్నేహమేమిటని త్రోసిపుచ్చెను. తరువాత శిష్యులచే ద్రుపదుని పట్టి తెప్పించి ద్రోణుడు సగము రాజ్యము తీసికొనుట, ద్రోణుని చంపుటకై ధృష్టద్యుమ్నుడు అగ్నినుండి పుట్టుట, తుదకు అశ్వత్థామ రాత్రివేళ నిద్రించువారిని సంహరించుట మీరెరిగినవే. గిన్నెడు పాలకడ పుట్టిన అవమానము ఎంత దూరము పోయినదో చూడుడు.

ఇప్పుడు మరియొక స్నేహమును చూతము. శ్రీకృష్ణుడు, కుచేలుడు సాందీపని గురుకులమున సహాధ్యాయులు. గురుపత్ని కట్టెలకై పంపగా అడవిలో గాలివాన పట్టుకొన్నది. దారి తెలియక, ఒకరి చేయి ఒకరు పట్టుకొని ఆ రాత్రి గడపిరి. కుచేలుడు శనగలు దాచుకొని ఒంటరిగా తినెనని లోకమున ఒక కథ చెప్పుదురు. భాగవతమున అది లేదు. భాగవతమున ఉన్నది ఇంకను గొప్పది. భార్య ఇరుగుపొరుగువారిని యాచించి తెచ్చిన నాలుగు పిడికిళ్ళ అటుకులను చిరిగిన గుడ్డలో కట్టుకొని కుచేలుడు ద్వారకకు వెళ్ళెను. ఆ ఐశ్వర్యమును చూచి సిగ్గుపడి మూటను దాచెను. లోభముచే దాచుట వేరు, సిగ్గుచే దాచుట వేరు. స్వామికి ఆ భేదము తెలియును. "నాకేమి తెచ్చితివి?" అని తానే అడిగి, మూట లాగికొని పిడికెడు తినెను. సంపద ఇచ్చుట తరువాతి మాట. ముందు పుచ్చుకొనెను. ద్రుపదుడు స్నేహితుని పేదరికమును చూచెను. కృష్ణుడు స్నేహితుని మూటను చూచెను.

ఇది స్వామికి చిన్ననాటి అలవాటు. యమున ఒడ్డున గోపబాలురు చల్దులు గుడిచిన ఘట్టము దశమస్కంధమున ప్రసిద్ధము. ఎవరి చల్ది రుచి వారు ఇతరులకు చూపుచు, నవ్వుకొనుచు తినిరి. నడుమ కూర్చున్నవాడు యజ్ఞభోక్త. చల్ది యనగా నేటి చద్దియే గదా! ఏ అన్నమును చూచి మన పిల్లలు నవ్విరో, ఆ అన్నమును స్వామి అడిగి తినెను.

ఈ బురుజుపేట అమ్మవారిని చూడుడు. ఆమెకు పైకప్పు లేదు, ఆకాశమే కప్పు. భక్తులు ఎవరికి వారే తమ చేతులతో పసుపు కుంకుమలు సమర్పింతురు. పట్టుచీర కట్టినామె ఇచ్చినదియు, కూలికి పోవునామె ఇచ్చిన చిటికెడును ఆ తల్లి ఒకే విధముగా పుచ్చుకొనును. మన వన్ టౌన్ కూడ అట్టిదే. వేంకటేశ్వర కొండ, దర్గా కొండ, రాస్ హిల్ ప్రక్కప్రక్కనే నిలిచి ఒకే రేవును చూచుచున్నవి. 1933లో ఓడరేవు తెరచిన నాటినుండి ఎందరో బ్రతుకుతెరువుకై ఈ వీధులకు వచ్చిరి. ఒక బడిబల్లపై పది ఇండ్ల వంటలు చేరుట ఇచట సహజము. ప్రభుత్వ పాఠశాలలలోని మధ్యాహ్న భోజనమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరమున వచ్చినవారికెల్ల కులమడుగక అన్నము పెట్టిన ఆ తల్లి (1841–1909) పేరిట పిల్లలు ఒకే పంక్తిని కూర్చుండి తినుచున్నారు. ఇంటినుండి డబ్బాలు వచ్చు బడులలోనే మనము జాగ్రత్త పడవలెను.

చిన్నారులారా! మీ ప్రక్కనున్నవాడు డబ్బా మూసికొని కూర్చున్నచో, వెంటనే మీది పెట్టకుడు. "నాకు కొంచెము పెట్టవా?" అని ముందు అడుగుడు. అతనిది తిన్న తరువాత మీది పెట్టుడు. అప్పుడతడు భిక్షగాడు కాడు, మీ స్నేహితుడు. తల్లిదండ్రులారా! ఆహార నియమములు గల ఇండ్లున్నవి. నియమము పాటింపుడు, కాని దానిని ఎగతాళి కానీయకుడు. తినరానిదైనచో "మా ఇంట తినరు" అని మెల్లగా చెప్పి, ఒక లెక్కయో, ఒక ఆటయో ఆ బాలుని వద్ద నేర్చుకొనుమని మీ బిడ్డకు చెప్పుడు. ఏదో ఒకటి పుచ్చుకొననిదే స్నేహము నిలువదు.

అమ్మా! నీవు నేడు ఈ సభలో ఉన్నచో, రేపటి క్యారేజీలో ఒక ముద్ద ఎక్కువ పెట్టుము. అడుగువారు వత్తురు. ముందు వరుసలోని చిన్నారులారా, ఆ అడుగువారు మీరే కావలెను.

అందరి ఇండ్లను అమ్మవారు చల్లగా చూచుగాక. స్వస్తి.