అర్జీ రాసుకున్న కొడుకు

(మన సంఘం ఆదిలాబాద్‌లో జరిపిన క్రిస్మస్ స్నేహ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



"మతబోధ వద్దు సార్, మీ అనుభవం చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. ముప్పైమూడేళ్లు ఫైళ్లలో నోట్లు రాసినవాణ్ణి, బోధ నాకెలాగూ రాదు.

మేము దేవుణ్ణి తండ్రీ అని పిలుస్తాము. యేసుప్రభువు ప్రార్థనలో "అబ్బా" అన్నాడని మార్కు సువార్తలో ఉంది. అది ఆయన ఇంటి భాష అరమేయికు మాట. మన దిక్కు "బాపూ" అన్నట్లన్నమాట. తెలుగు బైబిలులో కూడా దేవుణ్ణి "నీవు" అనే సంబోధిస్తాము. కలెక్టరుగారిని అలా అనగలమా?

నేను మాత్రం చాలాకాలం దేవుణ్ణి ఆఫీసరుగానే చూశాను. కారణం మా బాపు. ఆయనకు చెయ్యి ముందు, మాట తర్వాత. వాకిట్లో చెప్పుల చప్పుడైతే మేము పెరటి దారి పట్టేవాళ్లం. అందుకని నా ప్రార్థనలన్నీ త్రూ ప్రాపర్ ఛానెల్ పెట్టుకున్న అర్జీలే. ఫలానా సేవ చేసియున్నాను గనుక దయతో మంజూరు చేయవలెను!

ఒక్క జ్ఞాపకం వేరు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా పోస్నెట్ దొరగారు కట్టించి, 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి ఒక క్రిస్మస్‌కు మమ్మల్ని తీసుకుపోయాడు బాపు. ఆ జనంలో నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. దిగమనే దాకా దిగలేదు.

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుని కథ మీలో చాలామందికి తెలుసు. మన ఉద్యోగులకు దగ్గరివాడు అందులో పెద్దకొడుకే. ఇన్నేళ్ల సర్వీసుకు ఒక మేకపిల్ల కూడా ఇవ్వలేదని అలిగి బయట నిలబడతాడు. సీనియారిటీ పోయిన గుమాస్తా బాధ అది! వాణ్ణి బతిమాలడానికి తండ్రే బయటికి వస్తాడు. ఆస్తి పాడుచేసిన చిన్నవాడు, కూలివాడిగానైనా పెట్టుకోమని దారిలో అర్జీ సిద్ధం చేసుకుంటాడు. వాడు దూరాన ఉండగానే ముసలాయన పరుగెత్తి మెడ కౌగలించుకుంటాడు. అర్జీలో ఆఖరి ముక్క దాకా రానివ్వడు.

ఇప్పుడు నా సంగతి. మా చిన్నవాడు నా గ్రాట్యుటీ సొమ్ము వ్యాపారంలో పెట్టి పోగొట్టాడు. రెండేళ్ల తర్వాత ఒక క్రిస్మస్ సాయంత్రం ఇంటికొచ్చాడు. నేను చదువుతున్న పేపరు మడవలేదు. వాళ్లమ్మతో కాసేపు కూర్చుని ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు. దారి పొడుగునా ఏం మాట కూర్చుకొని వచ్చాడో నేను వినలేదు. మా బాపు కొట్టినా మాట్లాడేవాడు. నేను అదీ చేయలేదు.

ఇప్పుడు వాడు మంచిర్యాలలో ఉన్నాడు. మేము సి.ఎస్.ఐ. వాళ్లమైనా, ఇంటికి దగ్గరని, 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ కతోలిక మేత్రాసనపు గుడికి వెళుతున్నాడట. బతికే ఉన్నానని ఏటేటా ట్రెజరీకి సర్టిఫికెట్ ఇస్తున్నాను గాని, వాడికి ఒక్క కబురూ పెట్టలేదు.

ఒకటో తారీకు పెన్షన్ పడగానే మంచిర్యాల బస్సెక్కుతున్నాను. ముందుగా ఫోన్ చేద్దామంది మా ఆవిడ. వద్దన్నాను. చెబితే వాడే బయలుదేరి వస్తాడు.

సెలవు.