మింగలేని బిడ్డకు అన్నం పెట్టే విధానం
(సొసైటీ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. బి.పి. గురించి, షుగరు గురించి చెప్పేవారు చాలామంది వున్నారు. అందుచేత సభల్లో ఎవరూ ఎత్తని ఒక సంగతి తీసుకొన్నాను. అది తినలేని, మింగలేని పసిబిడ్డల సంగతి. పిల్లలకు మాట నేర్పే స్పీచ్ థెరపీ నా వృత్తి. మాటకూ, మింగుడుకూ పనిచేసేవి అవే పెదవులు, అదే నాలుక, అదే గొంతు. కనుక మింగడం నేర్పడం కూడా మా పనిలో భాగమే.

ఇటువంటి బిడ్డ వున్న ఇంట్లో అన్నం వేళ వచ్చిందంటే తల్లి గుండె దడదడలాడుతుంది. ఒక్క పూట తినిపించడానికి గంట పడుతుంది. తిన్నదానికన్నా బయటికి వచ్చిందే ఎక్కువ. ఇంట్లో పెద్దలు "వాడికి మొండితనం, నాలుగు తగిలిస్తే అదే తింటాడు" అంటారు. పక్కింటివారు "ఆమెకు పెట్టడం చేతకాదు" అంటారు. ఈ రెండు మాటలూ తప్పే. ఆ బిడ్డ మొండివాడు కాడు, ఆ తల్లి చేతకానిది కాదు. మింగడం ఒక విద్య. మనకు పుట్టుకతో వచ్చింది గనుక అది విద్య అని తోచదు. రాని బిడ్డకు ఓపికగా నేర్పాలిగాని గొంతులో కుక్కకూడదు.

గొంతులో అన్నం దారి, గాలి దారి పక్కపక్కనే వున్నాయి. మనం ఒక గుక్క మింగేటప్పుడు ఇరవైకి పైగా కండరాలు వరుస తప్పకుండా పనిచేసి, క్షణకాలం ఊపిరి ఆపి, గాలి దారికి మూత వేస్తాయి. ఆ వరుస తప్పితే పాలో, అన్నమో ఊపిరితిత్తులలోకి పోతుంది. మాటిమాటికీ న్యుమోనియా వచ్చే పిల్లల్లో కొందరికి కారణం ఇదే. కొందరు పిల్లలకు లోపలికి పోయినా దగ్గు కూడా రాదు. అది మరీ ప్రమాదం.

ఎవరికి వస్తుంది ఈ కష్టం? నెలలు నిండక పుట్టిన బిడ్డకు రావచ్చు. చీకడం, మింగడం, ఊపిరి పీల్చడం ఈ మూడూ కలిసి కుదురుకోవడం గర్భంలో సుమారు 34 వారాలకు గాని మొదలుకాదు. సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ వున్న పిల్లలకు, అంగిలి చీలి పుట్టిన పిల్లలకు రావచ్చు. పెదవి చీలికను మనవైపు గ్రహణం మొర్రి అంటారు. గ్రహణానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, తల్లి చేసిన తప్పూ కాదు. ఆపరేషనుతో సరిచేయవచ్చు. ఇక పాలు తాగుతూ నుదుట చెమట పట్టి, ఆయాసపడి వదిలేసే బిడ్డకు గుండె పరీక్ష చేయించాలి. ఇందుకోసం మన తిరుపతిలోనే 2021లో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమయింది.

గుర్తులు చెబుతాను, జ్ఞాపకం పెట్టుకోండి. తాగేటప్పుడు దగ్గు, పొలమారడం, కళ్ళలో నీళ్ళు. తిన్న తర్వాత గొంతు గరగరలాడడం. పాలు ముక్కులోంచి రావడం. ప్రతి పూటా అరగంట దాటిపోవడం. బరువు పెరగకపోవడం. పదేపదే జ్వరం, ఎగశ్వాస. వీటిలో ఏది కనిపించినా "పెద్దయితే అదే సర్దుకొంటుంది" అని కూర్చోవద్దు. తాగుతూ తాగుతూ బిడ్డ నీలంగా మారితే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు మన ఇళ్ళలో మానుకోవలసినవి. బిడ్డను చాచిన కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో పోయడం చాలామందికి అలవాటు. ముక్కు మూస్తే నోరు తెరుస్తాడు, నిజమే. కాని ఊపిరి కోసం తెరిచిన నోట్లో పోసింది ఊపిరితోనే లోపలికి పోతుంది. ఆముదం పోయడం ఇంకా చెడ్డది. నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే త్వరగా వదలదు. ఘుట్టీ పేరుతో తేనె నాకించడం కూడా ఏడాది నిండేవరకు వద్దు. తేనెలో వుండే ఒక క్రిమి పసిబిడ్డ కండరాలను పడవేసి, మింగుడునే పోగొట్టగలదు. మన జిల్లా చెనిక్కాయల జిల్లా. నాలుగైదేళ్ళ లోపు ఏ బిడ్డ చేతికీ గింజలు ఇవ్వవద్దు. పొడి చేసి వంటలో కలపండి.

ఇక చికిత్స. మొదటిది కూర్చోబెట్టడం. 1940లలో లండనులో బోబాత్ దంపతులు సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు శరీరాన్ని కుదురుగా పట్టే పద్ధతులు రూపొందించారు. 1968లో నాన్సీ ఫిన్నీ తల్లుల కోసం వెలువరించిన పుస్తకంలో అన్నం పెట్టే విధానానికి ఒక అధ్యాయమే కేటాయించారు. అసలు సూత్రం తేలిక. నడుము కుదరనిదే మెడ కుదరదు, మెడ కుదరనిదే నాలుక కుదరదు. బిడ్డ వీపు నిటారుగా, మోకాళ్ళు మడిచి, పాదాలు దేనిమీదనైనా ఆనేట్లు, గడ్డం కొంచెం కిందికి వుండాలి. తల వెనక్కి వాలకూడదు. ఖరీదైన కుర్చీ అక్కరలేదు. గోడ మూలన పీట వేసి, పాత దుప్పట్లు చుట్టి రెండుపక్కలా ఆనిస్తే చాలు. తిన్న తర్వాత అరగంట అలాగే కూర్చోబెట్టాలి.

రెండవది ఆహారం చిక్కదనం. చాలామంది పిల్లలకు నీళ్ళే కష్టం, ఎందుకంటే అవి నాలుక సర్దుకొనేలోపు జారిపోతాయి. కొంచెం చిక్కగా వున్నది నిదానంగా కదులుతుంది. 2013లో మొదలైన ఒక అంతర్జాతీయ బృందం దీనికి 0 నుంచి 7 వరకు ఎనిమిది మెట్లు ఏర్పరచింది. మన భాషలో చెప్పాలంటే నీళ్ళు, పలుచని జావ, చిక్కని జావ, మామిడిపండు గుజ్జు, మెత్తగా పిసికిన పప్పన్నం, కిచిడి, ఇలా మెట్టు మెట్టుగా పోతుంది. మీ బిడ్డ ఏ మెట్టుమీద వున్నాడో చూసి చెప్పేది థెరపిస్టు. సంగటి ముద్దను మనం నమలకుండా మింగుతాం. ఈ బిడ్డలకు అలా పెట్టకూడదు, పప్పుచారు పోసి బాగా పిసకాలి. నెలల పసికందు పాలను మాత్రం డాక్టరు చెప్పనిదే చిక్కబరచవద్దు.

మూడవది చెంచా పట్టే తీరు. చిన్న, లోతులేని చెంచా, సగమే నింపాలి. బిడ్డ ఎదురుగా, అదే ఎత్తున కూర్చుని, నాలుక మధ్య మెల్లగా నొక్కి, పెదవులు మూసేదాకా ఆగాలి. పైపెదవికి రుద్ది తీయకూడదు. మింగాడని చూసి రెండో చెంచా. దగ్గితే ఆపండి. చీకడం చాలని బిడ్డకు చీకే అలవాటు, చీలిక వున్న బిడ్డకు ప్రత్యేకమైన సీసా, ఇటువంటివి ఆసుపత్రిలో చూపిస్తారు.

నాలుగవది భయం పోగొట్టడం. ఆటిజం వున్న పిల్లలు కొందరు రెండు మూడు పదార్థాలు తప్ప ముట్టరు. తెలిసిన పదార్థం పక్కన కొత్తది కొంచెం పెట్టండి. ఒకనాడు చూస్తాడు, ఒకనాడు వేలితో తాకుతాడు, వాసన చూస్తాడు, ఎప్పుడో నాకుతాడు. పది, పదిహేను సార్లు పట్టవచ్చు. ఏమి పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో మన ఇష్టం, ఎంత తినాలో వాడి ఇష్టం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2012లో కొక్రేన్ సంస్థ అప్పటివరకు జరిగిన పరీక్షలను తూచి, నరాల జబ్బుతో మింగలేని పిల్లలకు ఫలానా థెరపీయే గొప్పదని చెప్పేందుకు చాలినంత ఆధారం లేదని తేల్చింది. కాబట్టి గొంతుకు కరెంటు పెట్టే మిషనుతో నెలలో నయం చేస్తామనే వారికి నగలు తాకట్టు పెట్టి డబ్బు పోయకండి. బరువు పెరుగుతున్నదా, దగ్గు తగ్గుతున్నదా, ఈ రెండూ చూసి ఏ పద్ధతినైనా నమ్మండి.

కొందరికి ముక్కునుంచి గాని, పొట్టనుంచి గాని గొట్టం పెట్టి ఆహారం ఇస్తారు. గొట్టం అనగానే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. గొట్టం ఓటమి కాదు. బిడ్డ బరువు నిలిచి, ఊపిరితిత్తులు తేరుకొనేదాకా ఆసరా. కొందరు మళ్ళీ నోటితో తింటారు, కొందరికి ఎప్పటికీ గొట్టమే దారి. రెండూ బతుకే.

ఎక్కడికి పోవాలి? ముందు రుయా ఆసుపత్రి పిల్లల వార్డుకో, చిత్తూరు జిల్లా ఆసుపత్రికో వెళ్ళండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటినుంచి 18 ఏళ్ళవరకు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేసి పైకి పంపుతారు. చిత్తూరు వారికి వేలూరు సి.ఎం.సి. గంట ప్రయాణం. అక్కడ ఎదుగుదల లోపాలున్న పిల్లలకు ప్రత్యేక విభాగమే వుంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం వున్నవారికి నిరామయ అనే బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది.

చివరిగా సొసైటీ పెద్దలకు ఒక విన్నపం. ఇటువంటి తల్లి నెలనెలా ఒంటరిగా బస్సెక్కి తిరగలేక మధ్యలోనే మానుకొంటుంది. ఒకరు తోడు వెళ్ళినా, బస్సు ఛార్జీ ఇచ్చినా చికిత్స నిలుస్తుంది. ఇక ఇంట్లోని మగవారికి, అత్తగార్లకు ఒక మాట. చెంచా ఒక పూట మీరు పట్టుకోండి. అప్పుడు ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది, ఆ తల్లిని నిందించే మాట మీ నోట మళ్ళీ రాదు.