ఎవరి చేతులు మైల?

(మే 12 నర్సుల దినోత్సవం నాడు స్టాఫ్ నర్సులు, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, పల్లెల నుంచి వచ్చిన తల్లులు కలిసి కూర్చున్న సభలో దళిత నర్సుల తరపున చదివిన ప్రసంగ పాఠం)



పొద్దున ఆసుపత్రుల్లో మా చేత కొవ్వొత్తులు వెలిగించి ప్రతిజ్ఞ చేయించారు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1820లో ఈ రోజున పుట్టింది గనక ఈ పండగ. ఆమె మీద మాకు కోపం లేదు. శుభ్రతతో ప్రాణాలు నిలుస్తాయని లెక్కలు కట్టి మరీ దొరల నోళ్లు మూయించిన మనిషి. మా బాధల్లా ఒకటే. నర్సింగు చదివిన అన్నేళ్లలో ఒక్కనాడూ ఏ పంతులమ్మా మాకు సావిత్రీబాయి ఫూలే పేరు చెప్పలేదు. 1897లో పూణే ప్రాంతంలో ప్లేగు పాకినప్పుడు ముంఢ్వా ఊరి బయట మహర్ల వాడలో జబ్బుపడ్డ పిల్లాణ్ణి ఆ తల్లి వీపున వేసుకుని, కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు మోసుకొచ్చింది. ఆ ప్లేగే సోకి మార్చి 10న చనిపోయింది. వయసు అరవై ఆరు. అంటరానివాళ్ల బిడ్డను వీపున మోసిన నర్సు అంతకుముందు ఈ దేశంలో ఎవరన్నా ఉన్నారా? ఉంటే వాళ్ల పేరుమీద కూడా ఓ దీపం పెడతాం.

బాబాసాహెబ్ ఇంట్లో ఐదుగురు పిల్లలు పుడితే నలుగురు పసితనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కడే దక్కాడు. రమాబాయి ఆ నలుగురి దుఃఖం మోసుకుంటూనే 1935లో కన్నుమూసింది. అంత చదువుకున్న మనిషి ఇంట్లోనే అట్లా జరిగితే పల్లెలో కూలోళ్ల ఇళ్ల సంగతి ఏం చెప్పాలి? ఆయన 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును బలపరుస్తూ మాట్లాడాడు. కార్మికురాలికి కాన్పుకు ముందూ వెనకా విశ్రాంతి కావాలన్నాడు. ఆ భారం ఎక్కువగా ప్రభుత్వమే మోయాలన్నాడు. మరుసటేడు అది చట్టమయింది. నలుగురు బిడ్డల్ని మట్టిలో పెట్టుకున్న ఇంటివాడు ఆడదాని పురుడు గురించి సభలో మాట్లాడటం మాకు పెద్ద విషయం. మన సభల్లో మన నాయకులు ఎంతమంది దాని గురించి మాట్లాడుతున్నారో మీరే చూసుకోండి.

ఇక మా అమ్మమ్మల సంగతి. ఊళ్లో కాన్పులు ఎవరు చేశారు? మాలపల్లె, మాదిగగూడెం ఆడోళ్లు, మంగలి ఆడోళ్లు, చాకలి ఆడోళ్లు. నెత్తురు ముట్టుకునేది వాళ్లు, బొడ్డు కోసేది వాళ్లు, మాయ పూడ్చేది వాళ్లు, పురిటి గుడ్డలు ఉతికేది వాళ్లు. అర్ధరాత్రి నొప్పులొస్తే "ఏమే, బిరానా రా" అని వాకిట్లో నిలబడి కేకేస్తారు. అప్పుడు మైల గుర్తుండదు. బిడ్డ ఏడుపు వినబడ్డాక గుర్తొచ్చిద్ది. మంత్రసాని నడిచిన చోటల్లా నీళ్లు చల్లుతారు. చేటలో బియ్యం, ఓ పాత చీర. అంతే. ప్రాణం పోసిన చేతులు మైల, పోయించుకున్న ఇల్లు మడి!

ఆ చేతుల మురికి వల్లే తల్లులు చచ్చారని తర్వాత డాక్టర్లు పుస్తకాల్లో రాశారు. అందులో కొంత నిజముంది, దాచుకోం. కొడవలితో బొడ్డు కోసిన రోజులున్నాయి, బొడ్డుకు పేడ రాసిన రోజులున్నాయి. ధనుర్వాతంతో పసిగుడ్లు విల్లులాగా వంగి పోయినయ్. టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చాకే 2015లో మన దేశం పురిటి ధనుర్వాతం నుంచి బయటపడిందని లెక్క తేలింది. అయితే రెండో కథ కూడా వినాలి. 1840లలో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకటి డాక్టరు చదువులోళ్లది, రెండోది మంత్రసానులది. డాక్టర్ల వార్డులో పురిటి జ్వరంతో పదిమందిలో ఒక తల్లి దాకా చనిపోయేది. మంత్రసానుల వార్డులో అందులో సగం కూడా లేవు. సెమ్మెల్వైస్ అనే డాక్టరు ఆరా తీస్తే తెలిసిందేమిటి? డాక్టర్లు శవాలు కోసిన చేతులతోనే వచ్చి పురిటాళ్లను ముట్టుకుంటున్నారు. 1847లో క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు, చావులు తగ్గినయ్. పెద్ద డాక్టర్లు ఒప్పుకున్నారా? మా చేతులు మురికంటావా అని ఆయన్నే వెళ్లగొట్టారు. మురికి కులాన్ని బట్టి రాదు, చదువును బట్టి పోదు. సబ్బూ నీళ్లూ ఒక్కటే దానికి తెలిసిన భాష.

అగ్రకులాలు తమ ఆడపిల్లల్ని నర్సింగుకు పంపని కాలంలో మా వాళ్లు ఈ పనిలోకొచ్చారు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా సారా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచింది. ఇట్లాంటి మిషను ఆసుపత్రుల్లో పల్లెల పిల్లలు చాలామంది తెల్లచీర కట్టారు. ఒంటిని ముట్టుకునే పని కాబట్టి అది మాకు మిగిలింది. ఈ రోజు కార్పొరేటు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం గౌరవమైంది కాబట్టి అందరూ వస్తున్నారు. రానీండి. మాకు సంతోషమే.

ఇప్పుడు అసలు విషయం. ఇది చెప్పటానికే వచ్చాం. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. పేరెందుకు. రాత్రి పన్నెండు దాటాక మాదిగగూడెం నుంచి ఒక పిల్లను ఆటోలో తెచ్చారు. పందొమ్మిదేళ్లు, తొలిచూలు, ఎనిమిదో నెల దాటింది. మొహం ఉబ్బింది, కాళ్లు దిబ్బల్లాగున్నయ్. రెండ్రోజుల నుంచి తలనొప్పి, కళ్లు మసకలు. మిరపకోతలకు పోయింది గాబట్టి ఎండదెబ్బ అనుకున్నారట. బి.పి. చూస్తే 170, 110. చూస్తుండగానే ఫిట్స్ మొదలైనయ్. పల్లెలో గుర్రపువాతం అంటారే, అది. అత్త దయ్యం పట్టిందని ఏడుస్తోంది. డాక్టరు లేడు. ఫోనెత్తలేదు. మెగ్నీషియం సల్ఫేటు బీరువాలో ఉంది. మేం పిల్లను పక్కకు తిప్పాం, నోరు తుడిచాం, 108కి చెప్పాం. ఇంజెక్షను మాత్రం చెయ్యలేదు. డాక్టరు రాయకుండా చేస్తే ఉద్యోగం పోద్దని భయం. బండి వచ్చేలోపు రెండుసార్లు ఫిట్స్ వచ్చినయ్. దారిలో మరోసారి. పెద్దాసుపత్రికి చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

తర్వాత తెలిసింది. అట్లాంటప్పుడు పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదు ఏ.ఎన్.ఎం. అయినా, స్టాఫ్ నర్సు అయినా చెయ్యొచ్చని భారత ప్రభుత్వం మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. ఒక్కో పిరుదులో 5 గ్రాములు, లోతుగా, మొత్తం 10 గ్రాములు. అది మా చేతిలో ఉన్న అధికారం. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పిల్ల కులం అడిగి చంపినోళ్లు ఎవరూ లేరు. అయినా ఆ పిల్ల ఎందుకు చనిపోయిందని లెక్కేస్తే కులం లేకుండా లెక్క తెగదు. ఎనిమిదో నెలలో మిరపచేలో ఎందుకుంది? రెండ్రోజుల తలనొప్పికి బి.పి. ఎందుకు చూడలేదు? డాక్టరు రాత్రిపూట ఆ ఊళ్లో ఎందుకుండడు? తెల్లచీర కట్టిన మాదిగ పిల్లలం మేమున్నాం కదా, మా చెయ్యెందుకు లేవలేదు? చివరి ప్రశ్నే మమ్మల్ని నిద్రపోనివ్వటం లేదు.

కాబట్టి నర్సు చెల్లెళ్లారా, ఇది రాసుకోండి. బి.పి. 140, 90కి చేరితే ఊరుకోమాకండి. మెగ్నీషియం చేశాక మూడు చూస్తుండాలి. మోకాలి దగ్గర తడితే కాలు ఎగురుతోందా, ఊపిరి నిమిషానికి 16కి తగ్గకుండా ఉందా, ఒంటికి సరిగా పోస్తోందా అని. తేడా వస్తే ఆపాలి. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్, అది పక్కనే ఉండాలి.

రెండోది నెత్తురు. కాన్పయ్యాక నెత్తురుపోటు ఆగకపోతే రెండు గంటల్లోపే మనిషి పోవచ్చు. రక్తం సరిపడా ఉన్న ఆడది తట్టుకునేదాన్ని మన పల్లె ఆడది తట్టుకోలేదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా, 52 శాతం మందికి రక్తహీనత. ఐరన్ మాత్రలు ఇస్తే పారేస్తున్నారని మమ్మల్నే తిడతారు. ఖాళీ కడుపున మింగితే వికారం రాక ఏమొచ్చిద్ది? కడుపుకు ఏమన్నా ఉందా అని ముందు అడగాలి.

బిడ్డ పుట్టిన నిమిషంలోపే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు చెయ్యాలి. అది చల్లగా దాచకపోతే పనిచెయ్యదు. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉన్న ఆక్సిటోసిన్ ఉత్త నీళ్లతో సమానం. అందుకని ఫ్రిజ్ చూడటం కూడా నర్సింగే. మాయ పడ్డాక ముక్క లోపలుండిపోయిందేమో తిప్పి చూడాలి. పొత్తికడుపు మీద చెయ్యి పెడితే గర్భసంచి కొబ్బరికాయలాగ గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే గట్టిపడేదాకా రుద్దాలి, మూత్రం తీయించాలి, సెలైన్ పెట్టాలి, మనుషుల్ని కేకేయాలి. ఒక చెయ్యి లోపల పిడికిలి చేసి, రెండోది పొట్టమీద నుంచి అదిమి, 108లో నలభై నిమిషాలు అట్లనే కూర్చొని ఒక తల్లిని బతికించిన అక్క ఈ సభలోనే ఉంది. పేరు చెప్పొద్దంది. ఆమె చెయ్యి రెండ్రోజులు లేవలేదట. ఆసుపత్రి గేటు దగ్గర "ఏ పల్లె నుంచి?" అని అడిగారంట ముందు. గ్రూపు తర్వాత అడిగారు.

పిల్లల సంగతి తల్లులు వినండి. పుట్టగానే బిడ్డను తుడిచి తల్లి రొమ్ముకే ఆనించాలి. మొదటిరోజు స్నానం వద్దు. బొడ్డుకు ఏమీ రాయొద్దు. ముర్రుపాలు పిండి పారబోయొద్దు. బరువు తక్కువ బిడ్డ అయితే తల్లి గుండెలకు ఒంటికి ఒళ్లు తగిలేటట్టు కట్టుకోవాలి. దక్షిణ అమెరికాలో బొగొటాలో వెచ్చటి పెట్టెలు చాలక 1978లో డాక్టర్లు ఇట్లా మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు. మైల అని మూల గదిలో పడేసే బాలింత ఒళ్లే ఆ బిడ్డకు అసలైన పెట్టె.

దగ్గు, జ్వరం ఉంటే చొక్కా ఎత్తి ఊపిరి లెక్కపెట్టండి. పూర్తిగా ఒక నిమిషం. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, అంతకు చేరినా దాటినా న్యుమోనియా అనుకోవాలి. డొక్కలెగరేస్తే ఆగకుండా ఆసుపత్రికి. విరేచనాలైతే పాలు మాన్పించమాకండి. ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, సగం సగం కాదు. జింకు మాత్ర పద్నాలుగు రోజులు, విరేచనాలు ఆగినా సరే. మాడు గుంటపడ్డా, కళ్లు లోతుకు పోయినా తాయెత్తు దగ్గరికి కాదు, మా దగ్గరికి రండి.

2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకు తల్లుల చావులు దేశంలో 97, ఆంధ్రలో 45, తెలంగాణలో 43. తగ్గినయ్, కాదనం. ఆ తగ్గుదలలో మా రాత్రి డ్యూటీలు కూడా ఉన్నయ్. కానీ ఆ లెక్కలో కులం గడి లేదు. కుటుంబ సర్వేలో పిల్లలకు ఆ గడి ఉంది గాబట్టి తెలిసింది. ఏడాదిలోపు పోయే బిడ్డలు వెయ్యికి సగటున 35 అయితే ఎస్.సి.ల్లో 40 దాటారు. తల్లుల చావులకూ ఆ గడి పెట్టమని అడుగుదాం. ఇంకో పక్క తెలంగాణలో అదే సర్వేలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రలో 42 కత్తితోనే జరిగాయి. కత్తి అందక చచ్చేది ఒకరు, అవసరం లేని కోతకు అప్పులయ్యేది ఇంకొకరు. ఇద్దరూ మన పల్లెలోనే దొరుకుతారు.

చివరగా మా తప్పు కూడా చెప్పుకోవాలి. నొప్పులతో అరిచే పిల్లను "అప్పుడు తెలీలేదా" అని తిట్టినోళ్లలో మేమూ ఉన్నాం. తొడ మీద కొట్టినోళ్లూ ఉన్నాం. మా మీద డాక్టరు అరిస్తే మేం ఆయామీద, ఆయా పురిటాలి మీద. మనువు మెట్లు కాన్పుల గదిలో కూడా కట్టుకున్నాం. నెలల తరబడి జీతం రాని కాంట్రాక్టు నర్సు బాధ మాకు తెలుసు, మేమే ఆ బాధితులం. అయినా ఆ కోపం ఆ బల్లమీద పడుకున్నదాని మీద చూపించే హక్కు మాకు లేదు. ఆ పిల్లల్లో ఈ సభకొచ్చినోళ్లెవరన్నా ఉంటే, అమ్మా, మమ్మల్ని క్షమించండి.

మా జిల్లా అధికారులకు ఇచ్చే కాగితంలో నాలుగు ముక్కలే రాశాం. మెగ్నీషియం, ఆక్సిటోసిన్ తాళం బయట ఉండాలి, తాళముంటే చెవి డ్యూటీ నర్సు దగ్గరుండాలి. మొదటి మోతాదు చేసిన నర్సు మీద చర్య తీసుకోమని లిఖితంగా ఇవ్వాలి. ప్రతి పెద్దాసుపత్రిలో రాత్రి కూడా రక్తం దొరకాలి, ముందు దాతను తెమ్మనకూడదు. కాంట్రాక్టు వాళ్లను పర్మనెంటు చెయ్యాలి. పోయేముందు అందరూ సంతకాలు పెట్టండి, వేలిముద్రయినా సరే.

భోజనాలయ్యాక వెనక వేపచెట్టు కింద నలుగురు నలుగురుగా కూర్చోండి. సెకన్ల ముల్లున్న గడియారాలు నాలుగు తెచ్చాం. పసిపిల్లల్ని తెచ్చిన తల్లులు ముందుకు రండి, ఊపిరి లెక్క మీ పిల్లల మీదే నేర్చుకుందాం. ఏడ్చే బిడ్డకు లెక్క సరిగా రాదు, ముందు పాలిచ్చి పడుకోబెట్టండి.