పెద్ద చక్రము, పాత యిరుసు



బండికి చక్ర మెంత పెద్దదైన నంత మేలని లోకమున నొక తలంపు గలదు. ఎద్దుబండి విషయమున నిది చాలవఱకు సత్యమే. పెద్ద చక్రము గుంటలో సులభముగా దిగబడదు. ఱాయి యడ్డము వచ్చినను ఎక్కి దాటును. అయితే ఎద్దుబండి యిరుసు చక్రమును త్రిప్పదు. ఎద్దులు కాడిని లాగును, బండి కదలును, చక్రము తనంత దాను దొరలును. ఇరుసునకు బరువు మోయుటయే పని.

జీపు సంగతి వేఱు. ఇంజను పుట్టించిన బలము క్లచ్చి, గేరుపెట్టె, పొడుగాటి షాఫ్టు, ఇరుసు నడుమనున్న పండ్లచక్రములు, వీని నన్నిటిని దాటి వచ్చి, ఇరుసు కడ్డీని మెలిపెట్టి చక్రమును త్రిప్పును. ఈ భేదమును గమనింపకయే నేడు పలువురు యువకులు కొండదారుల జీపులకు కంపెనీ యిచ్చిన టైర్లను తీసివేసి, పెద్ద టైర్లను తొడిగించుచున్నారు. సొమ్ము పెట్టునది తఱచుగా ఇంటి పెద్దలు గనుక, దీని మంచిచెడ్డలు మీకు తెలిసియుండుట యవసరము.

మొదట నొక లెక్క చూతము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో విల్లీస్ కంపెనీ చేసిన సైనిక జీపు టైరునకు అడ్డుకొలత సుమారు 28 అంగుళములు. దానిని 22 చే గుణించి 7 చే భాగించినచో చుట్టుకొలత 88 అంగుళములు. అచ్చట 35 అంగుళముల టైరు తొడిగితి మనుకొందము. చుట్టుకొలత 110 అంగుళము లగును. మైలునకు 63,360 అంగుళములు గదా! చిన్న చక్రము మైలునకు 720 చుట్లు తిరుగవలయును. పెద్దదానికి 576 చాలును. చుట్లు తగ్గినవి గనుక అరుగుదలయు తగ్గునని కొంద ఱందురు. కాని మైలు దూరపు శ్రమ యంతయు ఆ తక్కువ చుట్లలోనే జరుగవలెను. కాబట్టి ఒక్కొక్క చుట్టునకు భారము నాల్గింట నొకపాలు పెరుగును.

గడ్డపాఱ యెంత పొడుగైన నంత పెద్ద బండను పెకలింపవచ్చునని మీ రెఱుగుదురు. చక్రము పెరిగినప్పుడు పొడుగైన ఆ గడ్డపాఱ నేల చేతికి చిక్కును. పెకలింపబడునది మన యిరుసు. మునుపటి యెత్తునే మునుపటి బరువుతో ఎక్కుటకు ఇరుసు కడ్డీపై మెలి ఒకటింబావు రెట్లగును. అదే ఇంజను, అవే గేర్లు ఉన్నప్పుడు నేలపై పడు లాగుడుబలము అయిదింట నాలుగుపాళ్లకు దిగును. అప్పుడు నడుపువాడు క్లచ్చిని సగము త్రొక్కిపట్టి ఇంజనును ఉఱికించును. క్లచ్చి పలక కాలి కమరువాసన వచ్చుట అందువలననే.

ఇంతకంటె ప్రమాదకరమైనది అదటు. పెద్ద టైరు బరువు అంచున నుండును. బురదలో వేగముగా తిరుగుచున్న చక్రమునకు ఒక్కసారిగా ఱాయి పట్టు దొరికినచో, ఆ తిరుగుడు బలమంతయు క్షణములో ఇరుసు కడ్డీమీదికి, షాఫ్టు కీళ్లమీదికి, గేరు పండ్లమీదికి తన్నుకొనివచ్చును. ఏది బలహీనమో అది విఱుగును.

బ్రేకుల మాట మఱువరాదు. పాత బ్రేకు అంతే బలముతో పట్టినను, పెద్ద చక్రపు టంచున దాని పట్టు అయిదింట నాలుగుపాళ్లే. వేగమును చూపు ముల్లు 40 అని చూపునప్పుడు బండి నిజముగా 50 మీద పోవుచుండును. పాడేరు, అరకు వంటి మన్యపు ఘాట్లలో జనమును నింపుకొని దిగు జీపునకు ఈ రెండు లోపములును కలిసినచో ఫలిత మేమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

దీనికి మందు లేదా? కలదు. సైనిక జీపు ఇరుసులో చిన్న పండ్లచక్రమునకు 8 పండ్లు, పెద్దదానికి 39 పండ్లు. అనగా షాఫ్టు 4.88 చుట్లు తిరిగిన చక్ర మొక చుట్టు తిరుగును. 1945లో సేద్యమునకై పౌర జీపును తెచ్చినప్పుడు, నాగలి లాగుటకు బలము చాలవలెనని, అదే కంపెనీ ఆ 39 పండ్లను 43 చేసినది, నిష్పత్తి 5.38 అయినది. టైరు కొలత మార్చలేదు. అట్లే పెద్ద టైరు తొడుగువారు నిష్పత్తిని గూడ తగినంత పెంచుకొనవలెను. 4.10 ఉన్నచోట ఒకటింబావు రెట్లకు 5.13 కావలెను. నాలుగు చక్రములు లాగు బండికి ముందు వెనుక ఇరుసులు రెండింటను సమముగా మార్పించవలయును. లేనిచో అవి యొకదానితో నొకటి పెనగులాడి గేరుపెట్టెను చెఱచును.

అయితే ఈ మందు పూర్తిగా కుదుర్చునది కాదు. ఇంజనునకు, క్లచ్చికి, గేరుపెట్టెకు మాత్రమే ఊఱట కలుగును. ఇరుసు కడ్డీపై ఆ పావువంతు అదనపు మెలి యట్లే యుండును. దానిని తీర్చుటకు మఱింత దృఢమైన కడ్డీలు, తగిన బ్రేకులు కావలెను. టైర్ల ధరను మాత్రమే లెక్కించి బేరమాడినవాడు ఖర్చులో నొకపాలు మాత్రమే చూచినవాడు.

ఇంతకును దక్కు లాభ మెంత? అడ్డుకొలత 7 అంగుళములు పెరిగిన, ఇరుసు నేలనుండి లేచునది అందులో సగము, మూడున్నర అంగుళములు. దానితోబాటు బండి యంతయు పైకి లేచి, మలుపులలో తూలు గుణమును పెరుగును. ఇసుకలోను బురదలోను పట్టు కొఱకే యైనచో, పాత టైరులోనే గాలి కొంత తగ్గించి మెల్లగా నడిపి, గట్టి రోడ్డు చేరగానే మఱల నింపుకొనుట చాలవఱకు సరిపోవును. మఱియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, కంపెనీ నిర్ణయించిన రూపమును తోచినట్లు మార్చుటను అంగీకరింపదు.

ఇప్పటికే తొడిగించినవారు క్లచ్చి కమరువాసనను, ఇరుసు నడుమ ఈలవంటి చప్పుడును, బండి కదలునప్పుడు షాఫ్టు కీళ్లలో టక్కుమను ధ్వనిని ఉపేక్షింపరాదు. వాగులు దాటిన పిదప ఇరుసు నూనె తెల్లబడినదేమో చూపించుకొనవలెను. చక్రమును పైకెత్తి ఊపి, బేరింగులలో వదులున్నదేమో పరీక్షింపవలెను.

మీ యింటి యువకుడు పెద్ద టైర్లు కావలెనని యడిగినప్పుడు కోపగింపక ఒక్క ప్రశ్న వేయుడు: "నాయనా, ఇరుసు సంగతి యేమి? బ్రేకు సంగతి యేమి?" అతడు లెక్కతో సమాధానము చెప్పినచో సొమ్మిండు. చెప్పలేనిచో పాత టైర్లతోనే పంపుడు. బండియు, అందు కూర్చున్న వారును క్షేమముగా ఇల్లు చేరుదురు.