తీగ చివర విమానం



పరాయి రాష్ట్రంలో తెలుగులో చదివిన శాస్త్రం ఎందుకు పనికివస్తుందని అడిగేవారున్నారు. ఈ ప్లాటినం జూబిలీ వేళ, ఒక చిన్న పోరు విమానాన్ని సాక్షిగా నిలిపి సమాధానం చెప్పదలచాను.

ఈ విమానాన్ని నడిపేవాడు వృత్తం నడుమ నిలబడి చేతిపిడి పట్టుకొంటాడు. దాని నుంచి రెండు సన్నని ఉక్కుతీగలు రెక్కలోని త్రికోణపు మీటకు చేరుతాయి. మణికట్టు వంచితే మీట తిరిగి, తోకరెక్కను పైకో కిందికో కదుపుతుంది. 1940 దశకంలో అమెరికాలో జిమ్ వాకర్ ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. పోరులో ఇద్దరు ఒకే వృత్తంలో నిలిచి, ఎదుటి విమానం వెనుక కట్టిన కాగితపు పట్టీని తమ ప్రొపెల్లరుతో కత్తిరించాలి. అంతర్జాతీయ పోటీలలో ఇంజను 2.5 సి.సి. మించరాదు, నేర్చుకొనేవారికి 0.8 సి.సి. చాలు.

1947లో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లోప్లగ్గులో ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. దానిని మొదట బ్యాటరీతో ఎర్రగా కాల్చాలి. ఇంజను అందుకొన్నాక బ్యాటరీ తీసివేసినా, మండే వేడిమీ, ప్లాటినంపై మిథనాలు జరిపే రసాయనచర్యా ఆ చుట్టను చల్లారనీయవు. ఇంధనంలో కలిపే ఆముదం కందెనగా పనిచేస్తుంది. గిరికీలలో ఇంధనం పక్కకు నెట్టబడి ధార మారకుండా, దానిని రబ్బరు తిత్తిలో నింపుతారు. సాగిన రబ్బరు పిండుతూనే ఉంటుంది గనుక, విమానం తలక్రిందులైనా ధార ఇంచుమించు నిలకడగా ఉంటుంది.

పోరులో ఢీకొనడం మామూలే. కాబట్టి అందం కొరకు కాక, మరమ్మతుకు వీలుగా కట్టాలి: బాల్సా పక్కటెముకలు, గట్టి ముందంచు, వేడికి బిగిసే ప్లాస్టిక్ పొర. గరిమనాభి రెక్క వెడల్పులో ముందు నుంచి 15-20 శాతం దగ్గర ఉండాలి. మరీ వెనక్కు జరిగితే విమానం మాట వినదు.

200 గ్రాముల విమానం 10 మీటర్ల తీగలపై సెకనుకు 25 మీటర్ల వేగంతో తిరుగుతున్నదనుకోండి. మీ పుస్తకంలోని అభికేంద్ర బల సూత్రం ప్రకారం లాగుడు 12.5 న్యూటన్లు, అంటే దాని బరువుకు ఆరు రెట్లకు పైమాట. అందుకే ఎగురవేసే ముందు తీగలను లాగి పరీక్షించాలి, చేతిపిడిని పట్టీతో మణికట్టుకు కట్టుకోవాలి. తీగ తెగిన విమానం ఆటబొమ్మ కాదు, జనంలోకి విసిరిన రాయి. విద్యుత్తు తీగల దరిదాపులకు పోనేరాదు. ఉక్కుతీగ వాటికి తగిలితే ప్రాణం దక్కదు. మిథనాలు విషం, దాని మంట పగటివెలుగులో సరిగా కనబడదు. పెద్దలు దగ్గర లేనిదే దానిని ముట్టవద్దు.

ఆ తీగ లాగుడుకు భాషాభేదం లేదు. తెలుగులో నేర్చిన సూత్రమే మీ మణికట్టుకు తెలుస్తుంది. కొన్న బొమ్మ విరిగితే పారవేస్తాము. కట్టిన విమానం విరిగితే ఎందుకు విరిగిందో తెలుసుకొంటాము. కనుక ప్రయోగశాలలో ఒక బల్లను ఈ పనికి కేటాయించవలసిందిగా పెద్దలను వేడుకొంటున్నాను.